ఆ రిపోర్టును బీరువాలో దాచకండి



పోయిన సంచికలో షుగరు ఉన్నవారి పాదాల గురించి రాశాము. ఈసారి రాస్తున్నది చాలా ఇళ్ళలో తలుపులు వేసుకుని కూడా మాట్లాడుకోని సంగతి. ఎవరైనా నొచ్చుకుంటే మన్నించాలి. మాట్లాడకపోవడం వల్ల జరిగే నష్టాన్ని మేము వార్డులో చూస్తున్నాము కనుక రాస్తున్నాము.

ఒక తల్లి తన కూతురిని మా స్త్రీల ఓ.పి.కి తీసుకొచ్చింది. (ఆ అమ్మాయిని అడిగే ఇది రాస్తున్నాము. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాము.) పిల్లకు 17 ఏళ్ళు, ఇంటర్ చదువుతోంది. మంచి పొడగరి. ఇంకా పెద్దమనిషి కాలేదు. ఆ మాట కూడా తల్లి మొదట చెప్పలేదు. "నెలసరి సరిగ్గా రావటం లేదు సిస్టరమ్మా" అంది. పక్క గదిలో కూర్చోబెట్టి నిదానంగా అడిగితే అసలు సంగతి వచ్చింది. రెండేళ్ళ క్రితం ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇచ్చిన బిళ్ళలు మూడు నెలలు వాడితే కొంచెం రక్తం కనిపించిందట. ఇంకేముంది, పందిరి వేసి, చుట్టాలను పిలిచి, ఓణీ కట్టించి ఫంక్షను చేసేశారు. బిళ్ళలు ఆపాక మళ్ళీ ఏమీ లేదు. ఇప్పుడు మేనత్త కొడుకుతో మాటలు నడుస్తున్నాయి. "పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయంటున్నారు. ఈలోపల ఏదైనా సూది వేయించండి." ఇదీ ఆమె అడిగినది.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. హార్మోను బిళ్ళలు వాడినప్పుడు వచ్చే రక్తం బిళ్ళల వల్ల వచ్చిన రక్తమే. దాన్నిబట్టి పిల్ల పెద్దమనిషి అయిందని అనుకోకూడదు. లోపల అండాశయాలు పనిచేయకపోయినా, గర్భసంచి ఉంటే చాలు, బిళ్ళలకు అది స్పందిస్తుంది. ఆ ఫంక్షను మూలంగా ఈ అమ్మాయికి రెండేళ్ళు వృథాగా పోయాయి.

డాక్టరమ్మగారు స్కానింగ్ రాశారు. గర్భసంచి ఉంది, కాని చిన్నపిల్లలకు ఉండేంతే ఉంది. అండాశయాలు ఉండవలసిన చోట స్పష్టంగా ఏమీ కనబడలేదు. రక్తంలో ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోను బాగా ఎక్కువగా ఉంది. అంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి "పని మొదలుపెట్టు" అని కేకలు వేస్తూనే ఉంది, కింద పలికేవారు లేరు. అప్పుడు క్రోమోజోముల పరీక్షకు రక్తం పంపించాము. ఆ రక్తంలోని కణాలను ల్యాబులో పెంచి, విభజన జరిగే సమయంలో ఆపి, క్రోమోజోములను లెక్కపెడతారు. అందుకే రిపోర్టుకు రెండు మూడు వారాలు పడుతుంది. వచ్చిన రిపోర్టులో ఉన్నది ఒక్క ముక్క: 46, ఎక్స్ వై.

ఆ తల్లి కాసేపు కాగితాన్ని చూసి, మడిచి మా చేతిలో పెట్టింది. "ఇది చింపేయండమ్మా. పిల్లకు చెప్పొద్దు. వాళ్ళ నాన్నకు అసలే చెప్పొద్దు" అంది.

మేము చింపలేదు. ఎందుకు చింపకూడదో, ఆ పిల్లకే ముందుగా ఎందుకు చెప్పాలో తెలియాలంటే వై క్రోమోజోము గురించి కొంచెం ఓపికగా చదవాలి.

మన శరీరంలోని ప్రతి కణంలో 46 క్రోమోజోములు 23 జతలుగా ఉంటాయని బడిలో చదువుకున్నదే. చివరి జత సాధారణంగా స్త్రీలలో ఎక్స్ ఎక్స్, పురుషులలో ఎక్స్ వై. ఈ వైకు లింగ నిర్ణయంతో సంబంధం ఉందని 1905లో నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఒక మహిళ, పిండిపురుగులను పరీక్షించి చూపించారు. వై చాలా చిన్నది. పైగా ఒకే రాత పదే పదే తిరగరాసినట్టు ఉండటం వల్ల దాన్ని చదవడం శాస్త్రవేత్తలకు చాలా కష్టమయింది. మనిషి వై క్రోమోజోమును మొదటి అక్షరం నుండి చివరి అక్షరం దాకా పూర్తిగా చదవగలిగింది 2023లోనే. అందులో 6 కోట్ల 24 లక్షల అక్షరాలు ఉన్నాయి. ప్రొటీన్లు తయారు చేయించే జన్యువులు మాత్రం 106. వాటిలో రెండింటి గురించి తెలిస్తే మన సంగతికి సరిపోతుంది.

మొదటిది ఎస్.ఆర్.వై. దీన్ని 1990లో లండన్‌లో కనుగొన్నారు. తల్లి కడుపులో ఆరు వారాల దాకా ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా బీజగ్రంథులు ఒకేలా ఉంటాయి. అవి అండాశయాలూ కావు, వృషణాలూ కావు. ఆ సమయంలో ఎస్.ఆర్.వై. జన్యువు పనిలోకి దిగితే అవి వృషణాలుగా మారడం మొదలవుతుంది. 1991లో ఈ ఒక్క జన్యువును ఆడ ఎలుక పిండంలో పెడితే అది మగ ఎలుకగా పెరిగింది. అంత బలమైన మీట అది. కొంతమందిలో ఆ మీట పాడై ఉంటుంది, లేదా దాని తరువాత పనిచేయవలసిన మరో జన్యువులో లోపం ఉంటుంది. అప్పుడు వై ఉన్నా వృషణాలు ఏర్పడవు. వృషణాలు లేవు కనుక పురుష హార్మోను లేదు. బిడ్డ ఆడపిల్లగానే పెరుగుతుంది. గర్భసంచి, యోని, బయటి అవయవాలు అన్నీ ఆడపిల్లవే. పుట్టినప్పుడు మంత్రసానికి గాని, డాక్టరుకు గాని అనుమానం వచ్చే అవకాశమే లేదు. 1955లో జెరాల్డ్ స్వయర్ అనే లండన్ డాక్టరు ఇలాంటి ఇద్దరు స్త్రీల గురించి రాశారు. ఆయన పేరు మీదే దీన్ని స్వయర్ సిండ్రోమ్ అంటారు. సుమారు 80 వేల మందిలో ఒకరికి ఉంటుందని పుస్తకాలలో ఉంది. అరుదే. కాని అరుదైనది తన ఇంట్లోకే వచ్చిన తల్లికి ఆ లెక్కతో పనేముంది?

ఇక అసలు ప్రమాదం ఎక్కడ ఉందో చూద్దాము. వృషణాలూ ఏర్పడక, అండాశయాలూ ఏర్పడక, ఆ చోట సన్నని తెల్లటి పీచు లాంటి కండ మిగిలిపోతుంది. దాంట్లో కొన్ని బీజకణాలు, అంటే తరువాతి తరానికి విత్తనాలు కావలసిన కణాలు, చిక్కుకుని ఉండిపోతాయి. ఆ కణాలలో వై క్రోమోజోము ఉంది. వై మీద ఉన్న ఎస్.ఆర్.వై. పనిచేయకపోయినా, మిగతా జన్యువులు ఉన్నాయి కదా.

వాటిలో ఒకటి టి.ఎస్.పి.వై. మనం చెప్పుకోవలసిన రెండో జన్యువు ఇదే. ఒక్క కాపీతో ఊరుకోదు, మనిషి మనిషికి తేడాగా పదుల సంఖ్యలో కాపీలుంటాయి. 2023లో వైను పూర్తిగా చదివినప్పుడు కొత్తగా బయటపడిన జన్యువులలో ఎక్కువ భాగం ఈ కుటుంబానివే. ఆరోగ్యంగా ఉన్న వృషణంలో దీనికి మంచి పనే ఉంది. వీర్యకణాలుగా మారవలసిన మూలకణాలు విభజన చెందడానికి ఇది తోడ్పడుతుంది.

మన పొలాల భాషలో చెబుతాము. నారుమడిలో నారు పోస్తాము. అదను చూసి పీకి దమ్ము చేసిన మడిలో నాటుతాము. నాటిన మడిలో యూరియా వేస్తే పిలకలు తొడుగుతుంది, పంటకొస్తుంది. అలా కాకుండా నారును నారుమడిలోనే వదిలేసి, రోజూ యూరియా చల్లుతూ పోతే ఏమవుతుంది? ఒకదానిమీదొకటి ఒత్తుకుని పెరుగుతుంది గాని వెన్ను వేయదు. ఈ అమ్మాయిల పొట్టలో ఉన్న పీచు కండ అలాంటి నారుమడి. టి.ఎస్.పి.వై. యూరియా. బీజకణాలు ఎదగవు, ఊరికే సంఖ్య పెరుగుతూ పోతాయి. ఆ పెరుగుదలే గడ్డ.

ఆ గడ్డను 1953లో అమెరికా పాథాలజిస్టు రాబర్ట్ స్కల్లీ గుర్తించి గొనాడోబ్లాస్టోమా అని పేరు పెట్టారు. అది దాదాపు ఎప్పుడూ వై క్రోమోజోము, లేదా దాని ముక్క ఉన్నవారిలోనే, సరిగా ఏర్పడని బీజగ్రంథిలోనే వస్తుంది. ఇది చూసి, వై మీదనే ఈ గడ్డకు దారితీసే జన్యువు ఏదో ఉండాలని 1987లో డేవిడ్ పేజ్ అనే శాస్త్రవేత్త ఊహించారు. 1990లలో వెతుకుతూ వెతుకుతూ టి.ఎస్.పి.వై. ఉన్న భాగం దగ్గరికి వచ్చారు. గడ్డల ముక్కలను పరీక్షిస్తే ఆ ప్రొటీను కణాల నిండా కనిపించింది. అనుమానితులలో మొదటి పేరు ఇప్పటికీ దానిదే.

గొనాడోబ్లాస్టోమా తనంతట తాను ఇతర భాగాలకు పాకదు. దాన్ని అలా వదిలేస్తేనే చిక్కు. సుమారు సగం మందిలో దాని నుండి డిస్‌జెర్మినోమా అనే నిజమైన క్యాన్సరు పుడుతుంది. స్వయర్ సిండ్రోమ్ ఉన్నవారిలో నూటికి 15 నుండి 35 మందికి ఏదో ఒక బీజకణ గడ్డ వస్తుందని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. పెద్దయ్యాకే వస్తుందని లేదు, చిన్నపిల్లలలో కూడా చూశారు. నొప్పి ఉండకపోవచ్చు. పొట్ట పెరిగాక, లావెక్కిందేమో అనుకుని బట్టలు వదులు చేయించాక, అప్పుడు తీసుకొస్తారు. అందుకనే రిపోర్టు తేలిన వెంటనే ఆ పీచు గ్రంథులను లాపరోస్కోపీ ద్వారా తీసివేయమని డాక్టర్లు చెబుతారు. వాటి వల్ల ఆ అమ్మాయికి ఏ ఉపయోగమూ లేదు. హార్మోను ఇవ్వవు, అండం ఇవ్వవు. గర్భసంచిని మాత్రం ముట్టుకోరు. అది ఆమెది, ఉండాలి.

క్యాన్సరుగా మారిపోయాక వచ్చినా చేతులెత్తేయవలసిన పని లేదు. ప్లాటినం లోహంతో చేసిన సిస్‌ప్లాటిన్ మందును 1974లో ఇండియానా విశ్వవిద్యాలయంలో డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ ఇతర మందులతో కలిపి వృషణాల క్యాన్సరు ఉన్న యువకులకు ఇవ్వడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఒళ్ళంతా పాకినవారిలో ఎక్కువమంది చనిపోయేవారు. తరువాత పదిమందిలో సుమారు ఎనిమిది మంది బ్రతుకుతున్నారు. అమ్మాయిలలో వచ్చే డిస్‌జెర్మినోమా కూడా ఆ జాతిదే, ఈ మందులకు బాగా కరుగుతుంది. తొలిదశలో పట్టుకుంటే నూటికి తొంభై మందికి పైగా బాగవుతారు. కాని కీమో ఎక్కించే చేతులు మావి కనుక చెబుతున్నాము, ఆ వాంతులు, ఆ జుట్టు రాలడం, చెవుల్లో హోరు చూస్తే, అరగంట లాపరోస్కోపీతో పోయేదాన్ని ఇంతదాకా ఎందుకు తెచ్చుకున్నారా అని ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

అయితే "వై ఉంది, వెంటనే కోసేయండి" అని కూడా మేము అనడం లేదు. ఇక్కడే కొందరు డాక్టర్లతో సహా తొందరపడతారు. ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ అని మరో స్థితి ఉంది. వారిలోనూ 46, ఎక్స్ వై అనే ఉంటుంది. కాని వృషణాలు సరిగానే ఏర్పడతాయి, పొట్టలోనో గజ్జలలోనో ఉంటాయి. శరీరం పురుష హార్మోనును గుర్తించదు. ఆ హార్మోనే ఈస్ట్రోజెన్‌గా మారి ఆ అమ్మాయికి రొమ్ములు సహజంగా వస్తాయి. గర్భసంచి ఉండదు. చిన్నప్పుడు గజ్జలో హెర్నియా ఆపరేషను చేస్తూ ఉంటే వృషణం కనబడి తెలిసిన సందర్భాలున్నాయి. వీరిలో ఈడు రాకముందు గడ్డ వచ్చే అవకాశం చాలా తక్కువ, నూటికి ఒకరిద్దరి కన్నా మించదు. కనుక ఎదుగుదల పూర్తయ్యే దాకా ఆగి, ఆ అమ్మాయితోనే మాట్లాడి నిర్ణయించుకోవచ్చు. మరి టర్నర్ సిండ్రోమ్ ఉన్న పొట్టి అమ్మాయిలలో ఒక ఎక్స్ మాత్రమే ఉంటుంది. వారిలో కొద్దిమందికి కొన్ని కణాలలో వై ముక్క దాగి ఉంటుంది. దాన్ని ప్రత్యేకంగా వెతికి చూడాలి. ఇవన్నీ ఒక్క రక్తపరీక్షతో, ఒక్క పూటలో తేలేవి కావు. జన్యువైద్య విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికి ఒకసారి వెళ్ళవలసి రావచ్చు. హైదరాబాదులో నిమ్స్‌లో ఉంది, వెల్లూరు సి.ఎం.సి.లో ఉంది. అక్కడికి రాసిస్తే మిమ్మల్ని వదిలించుకుంటున్నామని అనుకోకండి.

ఇప్పుడు ఆ తల్లి అన్న మాటకు వస్తాము. పిల్లకు చెప్పొద్దు అన్నది.

మేము స్టాఫ్ నర్సులుగా చేరిన కొత్తలో, 1990లలో, అందరూ అదే చేసేవారు. పెద్ద డాక్టర్లు చెప్పొద్దనేవారు, మేము తలూపేవాళ్ళము. "పొట్టలో చిన్న గడ్డ ఉంటే తీసేశారమ్మా, ఈ బిళ్ళలు వేసుకో" అనేవాళ్ళము. దయ చూపిస్తున్నామనే అనుకున్నాము. చాలా ఏళ్ళ తరువాత ఒకామె తుంటి ఎముక విరిగి అప్పుడు మేము పనిచేస్తున్న వార్డులో చేరింది. వయసు 34. స్నానాల గదిలో జారిపడింది, అంతే. ఆ వయసులో అలా పడితే తుంటి విరగకూడదు. పాత కేసు షీటు తెప్పిస్తే సంగతి తెలిసింది. ఆమెకు 16వ ఏట ఈ గ్రంథులు తీసేశారు. హార్మోను బిళ్ళలు రాసిచ్చారు. ఎందుకో చెప్పలేదు. ఆమె రెండేళ్ళు వాడి, "పెళ్ళి ఎలాగూ కాలేదు, నెలనెలా ఈ బాధ నాకెందుకు" అని మానేసింది. 16 ఏళ్ళు ఆ ఎముకలకు ఈస్ట్రోజెన్ లేదు. షీటు పైన ఎర్రసిరాతో రాసి ఉంది: రోగికి చెప్పరాదు. ఆ చేతిరాత ఎవరిదో మాకు తెలియదు. మాది కాదు. కాని అలాంటివి మేమూ రాసి ఉంటాము.

అందుకని ఇప్పుడు మా అభిప్రాయం గట్టిది. ఈ కబురు మొదట తెలియవలసింది ఆ పిల్లకు. వయసుకు తగిన మాటలలో, ఒక్కసారే కుమ్మరించకుండా, రెండు మూడు సార్లు కూర్చోబెట్టి చెప్పాలి. తల్లిదండ్రులు పక్కన ఉంటే మంచిదే. కాని చెప్పాలా వద్దా అన్నది వారి ఇష్టం కాదు. ఆమె యాభై ఏళ్ళ వయసు దాకా హార్మోను వాడాలి. మొదట కొద్ది మోతాదులో ఈస్ట్రోజెన్, రెండు మూడేళ్ళలో మెల్లగా పెంచి, తరువాత ప్రొజెస్టరాన్ కలపాలి. అప్పుడు రొమ్ములు ఎదుగుతాయి, నెలసరి వస్తుంది, ఎముకలు నిలుస్తాయి. ఇంతకాలం ఒక మనిషి తాను ఎందుకు మందు వేసుకుంటోందో తెలియకుండా వేసుకుంటుందా? బీ.పీ. బిళ్ళలే మానేస్తారు మనవాళ్ళు.

"ఇంతకీ మా పిల్ల ఆడదా, మగవాడా?" ఈ ప్రశ్న తండ్రి అడిగారు. అవును, తల్లి ఒప్పుకున్నాక తండ్రికి కూడా మేమే చెప్పవలసి వచ్చింది. ఆయన కాళ్ళ కింద నేల కదిలిపోయినట్టు నిలబడ్డారు. డాక్టరమ్మగారు చెప్పిన జవాబు మాకు నచ్చింది: "17 ఏళ్ళుగా మీ ఇంట్లో తిరుగుతున్న పిల్లను అడగండి, తను ఎవరో ఆమే చెబుతుంది." క్రోమోజోము ఒక గదిలో ఉన్న కాగితం లాంటిది. ఆ కాగితంలోని మీట పడలేదు, ఇల్లు మరోలా కట్టబడింది. ఇల్లు కట్టాక కాగితం చూసి ఇంటిని మార్చమనడం ఏమిటి?

తల్లి అయితే తనదే పాపమని ఏడ్చింది. గ్రహణం రోజు కత్తిపీట పట్టుకున్నానని ఒకసారి, మొక్కుబడి తీర్చలేదని మరోసారి. యోహాను సువార్తలో పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు అడిగిన ప్రశ్న మన సంఘంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాడి తప్పా, అమ్మానాన్నల తప్పా అని. ప్రభువు ఇద్దరి మీదా వేయలేదు. వైద్యులు చెప్పేదీ అదే. చాలామందిలో ఈ మార్పు ఆ బిడ్డతోనే కొత్తగా వచ్చింది. కొన్ని కుటుంబాలలో మాత్రం అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఉన్నట్టు తేలింది. కనుక ఈ అమ్మాయికి 13 ఏళ్ళ చెల్లెలు ఉందని తెలిసి, తన రక్తం కూడా పంపించాము. అది భయపెట్టడానికి కాదు.

సంఘం వారితో ఒక మాట. ప్రార్థన విన్నపాలు మాకు ఎంతో విలువైనవి. మా ఆసుపత్రి నిలబడిందే వాటి మీద. కాని బుధవారం కూడికలో మైకు పట్టుకుని ఫలానా వారి రెండో అమ్మాయికి ఫలానా లోపం ఉంది అని వివరంగా చెప్పనక్కరలేదు. దేవునికి మైకు అవసరం లేదు. ఒక కుటుంబం గురించి ప్రార్థించమంటే చాలు, ఆయనకు ఏ ఇల్లో తెలుస్తుంది. పాస్టరుగారికి చెప్పాలా అన్నదీ ఆ అమ్మాయి ఇష్టమే.

పెళ్ళి సంగతి. మేనత్త కొడుకుకు చెప్పకుండా చేయడం అన్యాయమని మేము తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పాము. అబ్బాయికే కాదు, అమ్మాయికి కూడా అన్యాయం. రేపు పిల్లలు కలగలేదని అత్తగారు మాటలంటుంటే, ఆమె తన గురించి తనకే తెలియక తలవంచుకుని నిలబడాలా? తనకు అండాలు లేవు గాని గర్భసంచి ఉంది. దాత ఇచ్చిన అండంతో ఇలాంటి స్త్రీలు గర్భం ధరించి బిడ్డలను కన్న ఉదాహరణలు వైద్య పత్రికలలో ఉన్నాయి. మన దేశంలో 2021లో వచ్చిన చట్టం ప్రకారం అది రిజిస్టరు అయిన కేంద్రాలలోనే జరగాలి. దత్తత ఉంది. పెళ్ళి వద్దనుకుంటే చదువూ ఉద్యోగమూ ఉన్నాయి. ఏదయినా తెలిసి ఎంచుకోవాలి.

మరొకరు మమ్మల్ని అడిగారు, ఇలా ఆడా మగా అని పరీక్ష చేయడం చట్టరీత్యా నేరం కదా అని. 1994 చట్టం కడుపులో ఉన్న బిడ్డ గురించి. ఎదిగిన పిల్లకు జబ్బు తెలుసుకోవడానికి చేసే పరీక్షకు దానితో సంబంధం లేదు.

మగపిల్లల తల్లులు ఇది మాది కాదని పేజీ తిప్పవద్దు. వై మీది జన్యువులకు మగవారి వృషణాల గడ్డలతోనూ సంబంధం ఉంది. వై మీద ఒక చిన్న భాగం తెగిపోయి ఉన్న మగవారిలో ఈ గడ్డలు రెండు మూడు రెట్లు ఎక్కువని 2005లో ఒక అధ్యయనం చూపించింది. అది మీరు ఇంట్లో కనిపెట్టగలిగేది కాదు. మీరు కనిపెట్టగలిగేది మరొకటి ఉంది: బాబుకు నలుగు పెట్టి స్నానం చేయించేటప్పుడు రెండు వృషణాలూ సంచిలో చేతికి తగులుతున్నాయా అని చూడండి. ఆరు నెలలు నిండినా దిగకపోతే తీసుకురండి. ఏడాదిన్నర లోపే ఆపరేషను చేసి దించడం మంచిది. స్వీడన్‌లో ఇలా ఆపరేషను చేయించుకున్న 16,983 మందిని గమనించి 2007లో ప్రకటించారు. 13 ఏళ్ళ లోపు చేయించుకున్నవారికి వృషణాల క్యాన్సరు ముప్పు ఇతరులకంటే సుమారు రెండు రెట్లు ఉంటే, ఆ తరువాత చేయించుకున్నవారికి అయిదు రెట్లు దాటింది. నాయనమ్మలు "అదే దిగుతుందిలే" అంటారు. ఆరు నెలల తరువాత అది దాదాపుగా దిగదు.

ఆడపిల్లల విషయంలో గుర్తు పెట్టుకోవలసిన వయసులు రెండు. 13 ఏళ్ళు నిండినా రొమ్ములు ఎదగడం మొదలు కాకపోతే, 15 నిండినా పెద్దమనిషి కాకపోతే, చూపించాలి. చూపించినవారందరికీ వై బయటపడుతుందని కాదు. చాలామందిలో బక్కతనం, థైరాయిడ్, లేదా వాళ్ళమ్మ కూడా ఆలస్యంగానే అయి ఉండటం, ఇలాంటివే తేలతాయి. మందుల షాపులో అడిగి బిళ్ళలు మాత్రం వేయకండి.

మా అమ్మాయికి ఆపరేషను అయింది. ఎడమ వైపు పీచులో బఠాణీ గింజంత గొనాడోబ్లాస్టోమా ఉందని పాథాలజీ రిపోర్టు వచ్చింది. క్యాన్సరుగా మారలేదు. కీమో అవసరం లేదన్నారు. ఆమెకు అన్నీ చెప్పిన రోజు చాలాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. మేము ఎన్నో ప్రశ్నలకు సిద్ధపడి వెళ్ళాము. ఆమె అడిగినది ఒక్కటే: "ఇంకా ఎవరెవరికి తెలుసు?" వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాము, డాక్టరమ్మగారు, అమ్మ, నాన్న, ల్యాబు, మేము. "అయితే మిగతావాళ్ళకు నేనే చెబుతాను, ఎప్పుడు చెప్పాలో" అంది. తరువాత మేనబావకు తనే ఫోను చేసి చెప్పిందట. ఆ మాటలు ఆగిపోయాయి. ఆ అబ్బాయి మాత్రం మర్యాదగానే మాట్లాడాడని, బయట ఎవరికీ చెప్పలేదని తల్లి అంది. ఇప్పుడు ఆమె డిగ్రీ మొదటి సంవత్సరం. ఆరు నెలలకోసారి బిళ్ళలకు వస్తుంది. రిపోర్టులన్నీ తన కాలేజీ ఫైలులో తనే పెట్టుకుంటుంది. కిందటిసారి మా ఫార్మసీలో ఒక మోతాదు బిళ్ళకు బదులు వేరే మోతాదు ఇస్తే కౌంటరు దగ్గరే చూసి వెనక్కి ఇచ్చింది.

ఇలాంటి విషయం అడగాలంటే ఓ.పి. వరుసలో అందరి ముందు చెప్పనవసరం లేదు. కౌంటరులో "నర్సింగ్ సూపరింటెండెంటు గారిని కలవాలి" అంటే చాలు, కారణం అడగరు. మా గది ల్యాబు దాటాక ఎడమ చేతి వైపు. తలుపు వేసి ఉంటుంది, తట్టండి.